బట్టీకి దక్కని బండి

మా ఆయన ఏం పని చేస్తాడని కొత్తవాళ్లెవరైనా అడిగితే, బండ్లకు అంత్యక్రియలు చేయిస్తాడని చెబుతాను. వాళ్లు నవ్వుతారు, ఆయన మూతి ముడుచుకుంటాడు. నేను చెప్పింది అబద్ధమేమీ కాదు. రాయపూర్ పక్కన ధర్సీవా దగ్గర ఒక చిన్న ఉక్కు మిల్లు ఉంది. పాత లారీలు, జీపులు, ట్రాక్టర్లు, బీరువాలు, మంచాలు, ఎవరికీ అక్కర్లేని ఇనుమంతా ఆ మిల్లు యార్డుకి తుక్కుగా వస్తుంది. క్రేను దాన్ని ఎత్తి బట్టీలో వేసేముందు మా ఆయన యుగంధర్ ఒకసారి చూసి 'ఊఁ' అనాలి. మూత బిగిసిన సిలిండరో, నూనె నిండిన షాక్ అబ్జార్బరో పొరపాటున మరిగే ఇనుములో పడిందంటే బాంబులా పేలుతుంది, మనుషులు పోతారు. అలాంటివి ఏరి పక్కన పడేసి, మిగతాదానికి ఊఁ కొట్టడమే ఆయన ఉద్యోగం. లారీలు వెనక్కి వచ్చి తుక్కు కుమ్మరించేటప్పుడు వాటి వెనక నిలబడి ఎడమకి, కుడికి అని కేకలు వేయడం కూడా ఆయన పనే.

మామగారు రామయ్య పలాస నుంచి రైల్వే ఖలాసీగా రాయపూర్ వచ్చి గుఢియారీలో స్థిరపడ్డారు. కొడుకు కూడా రైల్వేలోకి వెళ్తాడని ఆశపడ్డారు గాని, ఐటీఐలో ఫిట్టరు చదివిన కొడుకు రెండువేల సంవత్సరం దాటగానే ఈ మిల్లులో చేరిపోయాడు. నన్ను టెక్కలి నుంచి పెళ్లి చేసుకుని తెచ్చేనాటికే ఇంట్లో సగం సామాను యార్డు నుంచి వచ్చింది. మా పూలకుండీలన్నీ లారీ బ్రేకు డ్రమ్ములే. కాలింగ్ బెల్లు ఒక బస్సు హారను. అది మోగిన ప్రతిసారీ మా అత్తగారు ఉలిక్కిపడి గుండె పట్టుకునేది. ఇంత చేసినా ఆ మనిషికి తృప్తి లేదు. అన్నం తింటూ తింటూ ఆగిపోయి, "ఈవేళ మంచి ట్రాక్టరు ఇంజను లోపలికి పంపించీసేను ఫణీ. బతికున్నాది అది" అనేవాడు. నేను వినీ వినీ విసిగిపోయి, అంత బాధైతే దానికి పిండం పెట్టి రమ్మనేదాన్ని.

అలాంటి మనిషి ఒకరోజు ఊఁ అనలేదు. క్రేను అయస్కాంతానికి పాత జీపు చాసిస్ ఒకటి వేలాడుతోందట. పేలే సామానేదీ దానిలో లేదు. ఇంజను లేదు, తొట్టి లేదు, రెండు ఇరుసులు, రెండు పొడుగాటి పట్టీలు, అంతే. క్రేనువాడు హారను కొడుతున్నాడు, మా ఆయన తల అడ్డంగా ఊపుతున్నాడు. "వంకర లేదే ఫణీ, ఒక్క వంకర లేదు. అలాటిదాన్ని అగ్గిలో ఎలా పడేస్తాను?" అని ఇంటికొచ్చి నన్నడిగాడు. నన్నడిగితే నేనేం చెప్పను? మిల్లు యజమాని సేఠ్‌జీని అడిగాడు. సేఠ్ పకపకా నవ్వి, యార్డు మూలనున్న పాత రేకుల షెడ్డులో పెట్టుకోమన్నాడు. ఇస్తున్నానని అనలేదు, పెట్టుకోమన్నాడు. సేఠ్‌జీ మాటల్లో ఆ తేడా ఎప్పుడూ ఉంటుంది.

ఆ రోజు నుంచి మా ఆదివారాలు పోయాయి. నేను చారు, అన్నం, వేపుడు కట్టి షెడ్డుకి తీసుకెళ్లడం, ఆయన చాసిస్ కింద పడుకునే ముద్దలు అడగడం. ఎక్కడో గోతిలో పడిన పికప్పు వాను ఇంజను తెచ్చి బిగించాడు. రేడియేటరు ట్రాక్టరుది. నూనె ట్యాంకు, ఖాళీ చేసి కోసిన మంటలార్పే సిలిండరు. ముందు లైట్లు రెండు స్కూటర్లవి, ఒకదానికొకటి పోలిక లేదు. బానెట్టుగా బీరువా తలుపు వేశాడు, దాని పిడి అలాగే ఉంచాడు. పైకప్పు లేదు, రంగు లేదు, ఒళ్లంతా తుప్పే. ఎవరో కుర్రవాడు ఫోనులో వీడియో తీసి, అంకుల్, బయటి దేశాల్లో దీన్ని ర్యాట్ రాడ్ అంటారు, తుప్పు ఉంటేనే అందం అన్నాడు. ఇక చూసుకోండి, మా ఆయన కాళ్లు నేల మీద లేవు. నేను దానికి ఎలుక బండి అని పేరు పెట్టాను. వినాయకుడి తర్వాత ఎలుకనెక్కబోయేది మీరేనండీ అంటే, ఆ మనిషి దాన్నీ మెచ్చుకోలుగానే తీసుకున్నాడు.

మిగతావాళ్లు అలా మెచ్చుకోలేదు. మిల్లులో ధరమ్‌కాంటా, అదే లారీలు తూచే పెద్ద కాటా, దాని దగ్గర కూర్చునే మురళీమోహన్ రాయపూర్‌లోనే మోవా నుంచి వస్తాడు, సొంతూరు గుంటూరు వైపు. అతని నోటికి తాళం ఉండదు. రోజూ షెడ్డు ముందు ఆగి, "ఏం గురూ, శవానికి పౌడరు రాస్తున్నావా ఇంకా?" అని పలకరించేవాడు. మా ఆయన తల ఎత్తకుండా రెంచీ తిప్పుకునేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది స్టీరింగు. జీపుది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. లారీవి బరువు. ఇలా ఉండగా ఓడలో వచ్చిన పరదేశం తుక్కులో ఒక స్టీరింగు డబ్బా దొరికింది. డబ్బా అంటే, మనం పైన తిప్పే తిప్పుడిని కింద ఒక ఇనప చేతి ఊపుగా మార్చే పెట్టె. ఆ చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగి, కడ్డీని తోసి, చక్రాన్ని తిప్పుతుంది. ఆ డబ్బాని మా ఆయన కిరసనాయిలుతో కడిగి, పసిపిల్లని ఒళ్లో పెట్టుకున్నట్టు పెట్టుకుని, "సూడు ఫణీ, వెంట్రుకంత లూజు నేదు. క్యా చీజ్ హై" అని మురిసిపోయాడు. నాకెప్పుడూ అలా మురిసిపోయిన గుర్తు లేదు.

డబ్బాని కుడి పట్టీకి బిగించాడు. అప్పటికి ముందు చక్రాలు దొరకలేదు, ఇరుసు రెండు డ్రమ్ముల మీద ఆని ఉంది. నన్ను సీటులో కూర్చోబెట్టి తను బండికి ఎదురుగా నిలబడి, "కుడికి తిప్పు" అన్నాడు. తిప్పాను. "బరోబర్, సరిగ్గా ఉన్నాది. ఎడమకి" అన్నాడు. తిప్పాను. "బరోబర్" అని చేతులు దులుపుకున్నాడు. నాకు బండి నడపడం రాదు, తిప్పమంటే తిప్పాను, అంతే.

ఆ వానాకాలం చివర్లో సేఠ్‌జీ షెడ్డు ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ మూల కొత్త గోదాము కడతారట, షెడ్డు కూల్చేస్తారట. అందరూ వింటుండగా, "యుగంధర్, విశ్వకర్మ పూజా కే దిన్, ఆరతీ కే బాద్. చలీ తో గాడీ, నహీఁ చలీ తో కబాడ్" అన్నాడు. నడిస్తే బండి, నడవకపోతే తుక్కు. హారతి అయ్యాక షెడ్డులోంచి తనంతట తను బయలుదేరి, ధరమ్‌కాంటా మీదుగా వెళ్లి గేటు దాటితే అది యుగంధర్‌ది. తోసినా, తాడు కట్టి లాగినా, ఇంజను ఆగిపోయినా బట్టీలోకే. మర్నాడు పొద్దున్నే షెడ్డు కూల్చడానికి జేసీబీ వస్తుంది. గేటు ఎదురుగా, మిల్లు సందులోనే, మా ఆయన స్నేహితుడొకరి ఖాళీ రేకుల గోదాము ఉంది. బండి అక్కడిదాకా వెళితే చాలు.

ఆ రాత్రి నుంచి మా ఆయనకి ముద్ద దిగలేదు. బట్టీలోకి వెళ్లేముందు ఊఁ అనాల్సింది తనే కదా. "మిగతావన్నీ అన్నాను, ఇదొక్కటీ అననేను ఫణీ. ఇది పోయిందంటే నాను మళ్లీ ఆ యార్డులో నిలబడనేను" అన్నాడు. ఆయన నోటంట అంతటి మాట నేను ఎప్పుడూ వినలేదు. నాకు భయం వేసింది. ఆ రోజు నుంచి ఎలుక బండి అని వెక్కిరించడం మానేశాను.

ముందు చక్రాలు ఆఖర్న, పూజకి ముందురోజు మధ్యాహ్నం దొరికాయి. బిగించి, డ్రమ్ములు తీసి, బండిని నేల మీద నిలబెట్టేసరికి పనిముట్లు అప్పజెప్పే వేళయింది. మా దగ్గర విశ్వకర్మ పూజంటే మాటలు కాదు. ముందురోజు సాయంత్రమే పానాలు, సుత్తులు, రెంచీలు అన్నీ కడిగి, తుడిచి, పందిట్లో గుడ్డ మీద వరసగా పేరుస్తారు. బొట్లు పెడతారు, పూలు పెడతారు. పూజ రోజంతా ఎవరూ ఒక్క పనిముట్టు తాకరు. బోల్టు ఊడి పడిపోయినా మర్నాడే.

పూజ అయింది. హారతి అయింది. యుగంధర్ పొద్దున్నే స్నానం చేసి, నేను ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. బీరువా తలుపుకి కుంకుమ పెట్టాను, కొబ్బరికాయ కొట్టాను, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. ఇంజను ఒక్కసారికే అందుకుంది. మిల్లు మిల్లంతా చుట్టూ నిలబడింది. నిమ్మకాయలు నలిగాయి, బండి షెడ్డులోంచి బయటికొచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. నా గుండె అప్పుడే నిండిపోయింది, తొందరపడి.

షెడ్డు దాటగానే తుక్కు కుప్పల మధ్యనుంచి కుడికి తిరగాలి. ఆయన కుడికి తిప్పాడు. బండి ఎడమకి పోయింది. ఎడమన పూజ పందిరి. ఆయన ఇంకా గట్టిగా కుడికి తిప్పాడు. బండి ఇంకా గట్టిగా ఎడమకి పోయింది. ప్రసాదం పళ్లెం పట్టుకున్న పంతులుగారు బెంచీ ఎక్కేశారు. పందిరి గుంజకి జానెడు దూరంలో బ్రేకు పడింది.

అందరూ ఒక్కసారి నవ్వారు. "ఇదేం బండి గురూ, అత్తారింటికి వెళ్లమంటే పుట్టింటికి పోతోంది" అన్నాడు మురళీమోహన్. సేఠ్‌జీ కుర్చీలో వెనక్కి వాలి మీసం దువ్వుకున్నాడు.

నేను పరుగున వెళ్లాను. మా ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. "ఉల్టా అయిపోనాది ఫణీ. ఆ డబ్బా ఎడం పక్క కూకుని తోలే దేశం బండిది. కుడి పక్క బిగిస్తే అంతా ఉల్టాయే" అన్నాడు మెల్లగా.

"మరి ఆరోజు సూసేరు కదేటండీ. బరోబర్ అన్నారు."

"ఎదర నిలబడి సూసేనే. లారీలకి ఎప్పుడూ ఎనక నిలబడతాను. ఎనక నిలబడితే నా కుడీ బండి కుడీ ఒకటే. ఎదర నిలబడితే నా కుడి బండికి ఎడమ. ఆ మాటే తోచనేదు."

ఇన్నేళ్లు లారీల వెనక నిలబడి కుడీ ఎడమా చెప్పిన మనిషి, సొంత బండి దగ్గరికొచ్చేసరికి ముందు నిలబడి మోసపోయాడు. తిట్టాలో ఏడవాలో తెలియలేదు. ఆ ఇనప చెయ్యి కిందికి వేలాడుతోంది కదా, దాన్ని ఊడదీసి పైకి నిలబెట్టి బిగించి, కడ్డీని దానికి తగ్గట్టు మారిస్తే చాలట, ఊపు తిరగబడి అంతా సరిపోతుందట. తర్వాత అలాగే చేశాడు కూడా. కానీ అది మర్నాటి మాట. పందిట్లో, నాకు చేతికందే దూరంలో, పెద్ద పానా ఉంది. దాని మీద బొట్టు, బంతిపువ్వు. నేను చెయ్యి చాపాను, నిజంగానే చాపాను. "వద్దు. పూజలో ఉన్నాది" అన్నాడు మా ఆయన. అంత కష్టంలోనూ ఆ మాట ఆయనే అన్నాడు.

"క్యా హువా? బట్టీ గరమ్ హై" అన్నాడు సేఠ్‌జీ. పూజ రోజైనా బట్టీని చల్లార్చరు, అది నిజంగానే మండుతూ ఉంది. నాకు ఆ ముసలాడి మీసం పీకి చేతిలో పెట్టాలనిపించింది.

"చలేగీ, సేఠ్‌జీ" అన్నాడు యుగంధర్. నడుస్తుంది. రివర్సు వేసి బండిని పందిరి దగ్గర్నుంచి వెనక్కి తీశాడు.

మొదట ఆయన మనసులో తిరగేసుకుంటూ నడిపాడు. పెదవులు కదులుతున్నాయి, కుడికి ఎడమ, ఎడమకి కుడి అని. నాలుగు బారలు బాగానే వెళ్లింది. ఇంతలో ఎవరో ఈల వేశారు, చేతులు పాత అలవాటుకి పోయాయి, బండి పక్కనున్న ఖాళీ డ్రమ్ముని కొట్టేసింది. అది దొర్లుకుంటూ పోయి గోడకి తగిలింది. మళ్లీ నవ్వులు. మురళీమోహన్ మాత్రం ఈసారి నవ్వలేదు, ధరమ్‌కాంటా వైపు నడిచాడు.

యుగంధర్ బండి ఆపాడు. ఇంజను మాత్రం ఆపలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదనుంచి తీసేసి ఒళ్లో పెట్టుకుని, కాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాడు. ఇక అయిపోయిందనుకున్నాను. దిగిపోతాడు, దిగి వెళ్లి ఊఁ అంటాడు, రేపట్నుంచి నాకు దక్కేది సగం మనిషే అనుకున్నాను.

ఆయన దిగలేదు. ఒళ్లో ఉన్న చేతులు అలాగే కొంచెం పైకి లేపి, స్టీరింగుని అడుగున పట్టుకున్నాడు. పైన కాదు, పక్కన కాదు, బొడ్డు దగ్గర. చూడ్డానికి ఎవరో పళ్లెం పట్టుకున్నట్టుంది. జనం మళ్లీ నవ్వబోయారు, కానీ అక్కడున్న ట్రైలరు డ్రైవర్లు నవ్వలేదు. వాళ్లకి అర్థమైంది. పొడుగాటి ట్రైలరుని వెనక్కి తోసేటప్పుడు కూడా ఇంతే, ఇటు తిప్పితే అది అటు పోతుంది. అందుకే వాళ్లు స్టీరింగుని కింద పట్టుకుంటారు. చక్రం పైభాగం కుడికి పోయినప్పుడు అడుగుభాగం ఎడమకి పోతుంది కదా. కింద పట్టుకుంటే ఇక ఆలోచించే పని లేదు, ఎటు పోవాలంటే చేతుల్ని అటు జరపడమే. ఇదంతా ఆయన తర్వాత నాకు పప్పు గరిటె తిప్పి చూపిస్తూ చెప్పాడు. ఆ క్షణంలో నాకు తెలిసిందల్లా ఒక్కటే, ఆయన పెదవులు కదలడం ఆగిపోయింది.

బండి కదిలింది. చేతులు కుడికి జరిగాయి, బండి కుడికి తిరిగింది. తుక్కు కుప్పల మధ్య సందులోకి వెళ్లింది. రెండు పక్కలా కొండల్లా ఇనుము, అందులో లారీల తలలు, జీపుల డొక్కలు. వాటి మధ్యలోంచి వాటి ముక్కలతోనే కట్టిన బండి డుగుడుగుమంటూ పోతోంది. నవ్వులు ఆగిపోయాయి. ఎవరూ పిలవకుండానే జనం వెనక నడవడం మొదలుపెట్టారు. నేను అందరికంటే ముందున్నాను, చెప్పులు ఎక్కడ పోయాయో తెలియదు.

చేతులు ఎడమకి జరిగాయి. ఎదురుగా ధరమ్‌కాంటా. అది లారీ పట్టేంత బల్ల, ఎత్తుగా ఉంటుంది, రెండు పక్కలా వాననీళ్లు నిండిన గోతులు. చక్రం అంచు జారిందా, ఇక తొయ్యాల్సిందే. తోస్తే బట్టీ. ముందు చక్రాలు ఏటవాలు ఎక్కాయి. ఎడమ చక్రం అంచుకి వెళ్లింది. నేను కళ్లు మూసుకోలేదు, మూసుకునేంత ధైర్యం కూడా లేదు. చేతులు కుడికి ఒక్క వేలెడు జరిగాయి. చక్రం బల్ల మధ్యకి వచ్చింది. నాలుగు చక్రాలూ పైకెక్కి, అవతల దిగాయి.

అప్పటికే మురళీమోహన్ కాటా గదిలోంచి బయటికొచ్చి, పరుగెత్తి వెళ్లి గేటు రెండు తలుపులూ తనే బార్లా తెరిచాడు. చౌకీదారు చేసే పని అది. "రా గురూ, సూటిగా రా, దించకు స్పీడు" అని అరిచాడు. ఇన్నాళ్లు అతన్ని తిట్టుకున్న తిట్లన్నీ ఆ ఒక్క అరుపుకి మాఫీ చేశాను.

బండి గేటు దాటింది. ముందు చక్రాలు, వెనక చక్రాలు, నల్లటి పొగ కూడా దాటింది. మిల్లు జనం ఈలలు వేశారు, ఎవరో ప్రసాదం బూందీ గాల్లోకి విసిరారు. నాకు ఏడుపొచ్చింది, అందరి ముందే ఏడ్చాను, దాచుకోవడానికి ఏముంది? మా ఆయన బండి ఆపి వెనక్కి తిరిగి నన్ను చూశాడు. తెల్ల చొక్కా అంతా గ్రీజు. పెళ్లినాడు కూడా ఆ మొహం అంత వెలిగిపోలేదు, ఆ మాట నేను ఒప్పుకుంటాను.

సేఠ్‌జీ నింపాదిగా నడుచుకుంటూ గేటు బయటికొచ్చి బండి ముందు నిలబడ్డాడు. ఓడిపోయానని చెప్పే మనిషి కాదు. "ఠీక్ హై, హో గయా తమాషా. అబ్ ధక్కా దేకే గోదామ్ మేఁ రఖ్ దో" అన్నాడు. తమాషా అయింది కదా, ఇక తోసుకుంటూ తీసుకెళ్లి గోదాములో పెట్టమని.

ఇరవయ్యేళ్లలో యుగంధర్ ఆ మనిషి మాటకి ఎదురు చెప్పడం ఎవరూ చూడలేదు. "ధక్కా నహీఁ, సేఠ్‌జీ. గాడీ హై. హటియే" అన్నాడు. తొయ్యడం లేదు, ఇది బండి, తప్పుకోండి.

గేరు వేశాడు. సేఠ్‌జీ స్టీరింగు వైపు చూశాడు. అది కుడికి తిరుగుతోంది. తెలివైన మనిషి కదా, గబుక్కున రెండో పక్కకి తప్పుకున్నాడు. బండి సరిగ్గా అతని మీదికే వచ్చింది. పంచె ఎగ్గట్టి, వయసు మరిచిపోయి, సేఠ్‌జీ మళ్లీ ఈ పక్కకి గెంతాడు. మొత్తానికి సేఠ్‌జీ మా ఆయనకి దారిచ్చాడు, అదీ రెండుసార్లు.